బడి ప్రేయర్ నుంచి సాగర్ గట్టు దాకా

నల్లగొండ జిల్లాలో ఇప్పుడు సంక్రాంతి దాటితే చాలు, ఏదో ఒక ఊళ్ళో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఉంటుంది. చాలావరకు అన్నీ ఒకే తీరు. ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, మటన్, డీజే, సాయంత్రం ఐదయ్యేసరికి ఎవరి దారి వాళ్ళది. చండూరు పక్కన ఒక పల్లె జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 1996 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసిన బ్యాచ్ ఈసారి ఆ తీరు పక్కన పెట్టింది. ఆ ఏడు బడి తీసుకుపోయిన విహారయాత్ర దారినే మళ్ళీ పట్టింది. ముందు బడి, తర్వాత నల్లగొండ, పానగల్లు, చివరికి నాగార్జునసాగర్. ఇలా చేయాలనుకునే వేరే బ్యాచ్‌లకు పనికొస్తుందని ఖర్చులు, ఇబ్బందులు దాచకుండా రాస్తున్నాం.

జనవరి 18, ఆదివారం: బడి

పండుగ రోజుల్లో పెట్టుకోకపోవడమే మంచిదైంది. సంక్రాంతి మూడు రోజులూ హైదరాబాద్ దారి కిక్కిరిసి ఉంటుంది, అద్దె బస్సు దొరకదు, వంటవాళ్ళు దొరకరు. పండుగ అయిన తర్వాతి ఆదివారం అయితే ఊళ్ళో ఇంకా సకినాలు, అరిసెలు మిగిలే ఉంటాయి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కొందరు ఇంకా ఉంటారు.

పేర్లు పట్టడం అసలు పని. బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది, అందులో తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాయి. హెడ్మాస్టర్‌కు కాగితం మీద అర్జీ పెట్టుకుంటే పేర్ల వరకు రాసుకోనిస్తారు, మిగతా వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మగపిల్లల నంబర్లు వారం రోజుల్లో దొరుకుతాయి. ఆడపిల్లలవే కష్టం. ఇంటి పేరు మారిపోయి ఉంటుంది, ఊరు మారిపోయి ఉంటుంది. దీనికి సద్దుల బతుకమ్మను మించిన సమయం లేదు. ఆ రోజు ఆడబిడ్డలంతా పుట్టింట్లోనే ఉంటారు. బతుకమ్మ ఆడే చోట ఒక్క క్లాస్‌మేట్ దొరికితే ఆమె దగ్గర ఇంకో ముగ్గురి ఫోన్ నంబర్లుంటాయి. దసరాకు పేర్లు పోగేసి జనవరికి తేదీ పెట్టుకుంటే ఉద్యోగాలున్నవాళ్ళు సెలవు రాసుకోవడానికి కూడా వీలవుతుంది. ఈ పద్ధతిలో 46 మంది వచ్చారు. పాఠాలు చెప్పినవాళ్ళు తొమ్మిది మంది వచ్చారు.

ఒక చిన్న అడ్డం ముందే తెలుసుకోవాలి. జనవరిలో పదో తరగతి పిల్లలకు ఆదివారం పొద్దున కూడా ప్రత్యేక తరగతులు నడుస్తాయి. మైకు పెడితే వాళ్ళ చదువు పాడవుతుంది. అందుకే పదకొండున్నర దాకా మైకు ముట్టలేదు. ప్రేయర్ కూడా మైకు లేకుండానే జరిగింది. నిజానికి అలాగే బాగుంది, ఆ రోజుల్లో మాత్రం మైకు ఎక్కడిది.

లాంగ్ బెల్ కొట్టింది అప్పటి అటెండరే. చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఇంకా ఉంది, కొట్టే ఇనుప కడ్డీ మాత్రం కొత్తది. పొడుగు ప్రకారం వరుసలు కట్టమంటే యాభైకి దగ్గరపడ్డవాళ్ళు ఒకరి భుజం పక్కన ఒకరు నిలబడి కొలుచుకున్నారు. పదో తరగతిలో ముందు వరుసలో ఉన్నవాళ్ళు ముగ్గురు వెనక్కి పోయారు. ఇంటర్లో పొడుగు పెరిగారట. ప్రతిజ్ఞ చెప్పించడానికి అప్పటి క్లాస్ లీడర్ ముందుకొచ్చింది. ఆమె ఒక్కో వాక్యం చెప్పి ఆగేది, అందరూ అందుకునేవారు. ఎవరూ కాగితం చూడలేదు.

తర్వాత హాజరు. ఇది చేయబోయే బ్యాచ్‌లకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. చనిపోయిన మిత్రుల కోసం రెండు నిమిషాల మౌనం హాజరుకు ముందే పెట్టుకోండి. భోజనాల తర్వాతకు వదిలితే సగం మంది చెయ్యి కడుక్కుంటూ ఉంటారు. హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు కూడా చదవాలి. చదివి ఒక క్షణం ఆగి తర్వాతి నంబరుకు పోవాలి. ఈ బ్యాచ్‌లో అలాంటి పేర్లు ఐదు. హాజరు పిలిచింది లెక్కల సారు. కళ్ళద్దాలు సర్దుకొని, రోల్ నంబరు ఒకటి నుంచి మొదలుపెట్టి, ప్రతి పేరు దగ్గరా తల ఎత్తి మనిషిని చూసి, "నువ్వు ఎవల బిడ్డవురా, మీ నాయిన సైకిల్ మీద బడికి తోలుకొచ్చేటోడు కదా" అని ఒక్కొక్కరికీ ఒక ఆనవాలు చెప్పారు. నలభై ఆరు పేర్లకు ముప్పావుగంట పట్టింది. ఒక్కరూ కదల్లేదు.

సార్ల ఏర్పాట్ల గురించి. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఇంటికి కారు పంపాలి, తీసుకొచ్చి మళ్ళీ దింపాలి. చేతులున్న కుర్చీలు వేయాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి. స్టేజీ కట్టొద్దు, మెట్లెక్కలేరు. చెట్టు కింద నేల మీదే కుర్చీలు వేస్తే చాలు. షుగరు ఉన్నవాళ్ళుంటారు కాబట్టి భోజనం పన్నెండున్నరకు తప్పకుండా పెట్టాలి, ప్రసంగాల కోసం ఆపొద్దు. కొన్నిచోట్ల పాదపూజ చేస్తున్నారు. సార్లు అందులో ఇబ్బంది పడటం కళ్ళారా చూశాం. ఒక దండ, ఒక మంచి బట్ట, పక్కన కూర్చొని పది నిమిషాల మాట, అంతకన్నా వాళ్ళు కోరరు.

ఆ బట్ట కూడా బజారులో దొరికే పాలిస్టర్ శాలువా కాదు. చండూరు పక్కనే గట్టుప్పల్, కొంచెం దూరంలో పుట్టపాక, రెండూ మగ్గాల ఊళ్ళు. అక్కడ ఇక్కత్ నూలు ఉత్తరీయాలు నేరుగా నేతన్నల ఇంట్లో తీసుకుంటే ఒక్కోటి 900 పడింది. తొమ్మిది ఒకేసారి కావాలంటే నెల ముందే చెప్పాలి. నూలుకు ముడులు కట్టి రంగు అద్ది ఆరబెట్టి, తర్వాత మగ్గానికి ఎక్కించాలి. అడిగిన రోజున అన్నీ సిద్ధంగా ఉండవు.

భోజనం బగారా అన్నం, మటన్, పచ్చిపులుసు, గారెలు, వంకాయ కూర, పెరుగు. 75 మందికి బియ్యం తొమ్మిది కిలోలు, మటన్ పదమూడు కిలోలు తెచ్చాం. వంటవాళ్ళకు ఒక మాట ముందే చెప్పాలి. జనవరిలో కిరాణా కొట్లలో వానాకాలం కోతల కొత్త బియ్యం వచ్చేస్తాయి. పాత బియ్యానికి పోసినట్టు గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే బగారా ముద్దయిపోతుంది. కనీసం ఏడాది పాతవి తీసుకోవాలి, లేదంటే గ్లాసుకు గ్లాసున్నరతో ఆపాలి. కట్టెల పొయ్యి మీద నీళ్ళు ఇంకగానే మంట లాగేసి, నిప్పులు గిన్నె మూత మీదికి మార్చి పావుగంట వదిలేయాలి. గరిటె పెట్టి కలిపితే మెతుకు విరుగుతుంది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయలు చేత్తోనే పిసికారు, వేయించిన నువ్వుల పొడి చివర్లో కలిపారు. మూడు బకెట్ల పచ్చిపులుసు ముందు అయిపోయింది, మటన్ మిగిలింది.

నీళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. చండూరు, మునుగోడు, మర్రిగూడ వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1996 నాటి గ్రూపు ఫోటో పెద్దది చేసి చూస్తే నవ్విన ప్రతి ముఖంలో పళ్ళ మీద గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. చాలామంది అందుకే పెదవులు మూసుకొని నిలబడ్డారు. ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అనే పేరే ఉంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. సైన్సు సారు దాన్ని ఆ రోజుల్లో బకెట్‌లో చేసి చూపించేవారు. పటిక, సున్నం వేసి బాగా కలిపి కదలకుండా వదిలితే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటను వంచుకోవాలి. ఇప్పుడు బడి నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఆ నల్లా దగ్గర సైన్సు సారు చాలాసేపు నిలబడ్డారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలను పిలిచి, "ఇకిలించుండ్రి బిడ్డా, పళ్ళు చూపియ్యుండ్రి" అన్నారు. తెల్లగా ఉన్నాయి.

పాత ఫోటోను మళ్ళీ తీయడం చాలా బ్యాచ్‌లు చేస్తున్నాయి కానీ కుదరక వదిలేస్తున్నాయి. కుదిరే పద్ధతి ఇది. పాత ఫోటోను అట్ట నుంచి ఊడదీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఒక్కో ముఖం మీద నంబరు వేసి పెద్ద కాగితం మీద ప్రింటు తీయాలి. నేల మీద అవే నంబర్లు సుద్దముక్కతో రాయాలి. మనిషికి రెండడుగుల వెడల్పు ఇవ్వాలి, అప్పటి అడుగున్నర ఇప్పుడు చాలదు. బడి వరండా తూర్పు ముఖం అయితే పొద్దున ఎండ కళ్ళలో కొట్టి అందరూ కళ్ళు చిట్లిస్తారు. సాయంత్రం నాలుగింటికి వరండా నీడ ముందుకు పడుతుంది, అప్పుడు తీయాలి. రానివాళ్ళ నంబర్లు ఖాళీగానే వదలాలి. ఫోటోగ్రాఫర్ దగ్గరికి జరగమంటాడు, జరగొద్దు.

సాయంత్రం చెట్టు కింద మాటలు ఎక్కువగా నల్లబల్ల చుట్టూ తిరిగాయి. ఆ రోజుల్లో బల్లకు రంగు పిల్లలే వేసేవారు. వాడేసిన టార్చిలైటు సెల్లులు పగలగొట్టి లోపలి నల్లపొడి తీసి, ఆకు పసరుతో నూరి, పాత గుడ్డతో రెండు పూతలు పూసేవారు. మొదటి పూత ఆరకముందే రెండోది పూస్తే పెచ్చులు లేస్తుంది. పసరు ఎక్కువైతే బల్ల నిగనిగలాడి సుద్దముక్క జారిపోతుంది. ఏ ఆకు మంచిదనే దాని మీద మాత్రం ఒప్పందం కుదరలేదు. గుంటగలగరాకు అని ఒక వర్గం, చిక్కుడాకు అని ఇంకో వర్గం. సారు చిక్కుడాకు వైపు తీర్పు చెప్పారు.

హిందీలో ఇరవై మార్కులకే పాసు కాబట్టి ఆ పుస్తకం ముట్టనివాళ్ళు హిందీ సారు ముందు నేల చూపులు చూశారు. ఆయన మాత్రం, "ఇప్పుడు బొంబాయి, సూరత్ పోయి హిందీల మాట్లాడుతున్నరా లేదా" అని అడిగి తల నిమిరారు. ఈ ప్రాంతం నుంచి బతుకుతెరువుకు ఆ దారి పట్టినవాళ్ళు బ్యాచ్‌లో ఆరుగురున్నారు.

జనవరి 19, సోమవారం: అన్నెపర్తి, నల్లగొండ, పానగల్లు

పదిహేను మంది మొదటి రోజుకే ఆగిపోయారు. 31 మంది బస్సెక్కారు, కొందరు సార్లు కూడా తోడొచ్చారు. 40 సీట్ల బస్సు తీసుకోవడం మంచిది, సద్ది గంపలకు, నీళ్ళ క్యాన్లకు వెనక సీట్లు కావాలి.

అన్నెపర్తి పాత విహారయాత్రలో లేదు. ఈసారి కావాలని కలుపుకున్నాం. నల్లగొండ పక్కన ఈ ఊరిని ఇప్పుడు పోలీస్ బెటాలియన్ పేరుతోనే అందరూ గుర్తుపడతారు. దేశంలో ప్రతి బడిలో చెప్పే ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది ఈ ఊరే. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో చెప్పించడం మొదలైంది, మిగతా భాషల్లోకి తర్జుమా అయింది. 1988లో ఆయన కన్నుమూశారు. పదేళ్ళు రోజూ ప్రేయర్లో ఆ మాటలు చెప్పిన పిల్లలకు, రాసినాయన నలభై కిలోమీటర్ల లోపు ఊరివాడని బడిలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నల్లగొండ జిల్లాలో ఏ బడి బ్యాచ్ యాత్ర పెట్టుకున్నా ఈ ఊళ్ళో పావుగంట ఆగడం మన బాధ్యత అనుకుంటున్నాం. ఊళ్ళో చాయ హోటల్ ముందు కూర్చున్న పెద్దాయనను అడిగితే లేచి నిలబడి, "మా ఊరాయనే" అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. చాయ డబ్బులు తీసుకోలేదు.

నల్లగొండలో టిఫిన్లు క్లాక్ టవర్ దగ్గర. పెద్ద గుంపుతో ఒకే హోటల్లోకి పోతే అరగంట ఆలస్యం, అందుకే రెండు హోటళ్ళకు విడిపోయారు. పూరీ, మైసూర్ బజ్జీ, అల్లం చట్నీ, తలా ఒక చాయ, మనిషికి డెబ్బై లోపు పడింది. పదో తరగతి పరీక్షలప్పుడు అట్లాసు, గ్రాఫు పేపర్లు, హాల్‌టికెట్ అంటించే అట్ట అన్నీ ప్రకాశం బజార్‌లోనే కొనేవారు. ఆ బజారు ఇప్పటికీ అంతే ఇరుకు. బస్సును అటు తిప్పకూడదు. క్లాక్ టవర్ అవతల దూరంగా ఆపి నడవాలి.

పానగల్లు పట్టణానికి ఆనుకొనే ఉంది. డ్రైవర్ ఫోన్ మ్యాపు పట్టుకొని ఊరి మధ్య సందులోకి పోయాడు, కరెంటు తీగ కిందికి వేలాడుతుంటే వెనక్కి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఛాయా సోమేశ్వరాలయం పొలాల మధ్య ఉంది. పెద్ద బస్సు అయితే పెద్ద రోడ్డు మీదే ఆపి దిగి నడవండి. నడక ఎక్కువేం కాదు. దారిలో వరి నారుమళ్ళు, గట్ల మీద రేగుచెట్లు, జనవరి కాబట్టి పండ్లు రాలి ఉన్నాయి. ముళ్ళు గుచ్చుకుంటున్నా చేతులు ఆగలేదు.

గుడి త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్ళు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. 1996లో ఫిజిక్స్ సారు పిల్లల్ని ఇక్కడ నిలబెట్టి ఏది ఆ స్తంభమో కనుక్కోమన్నారు. పిల్లలంతా ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చేతులూపారు, జవాబు దొరకలేదు. ఈసారి ఆయనే పక్కన ఉండి చెప్పారు. నేరుగా ఎండ పడితే పొద్దుతో పాటు నీడ కూడా జరగాలి. గర్భగుడిలోకి వచ్చేది నేరుగా ఎండ కాదు. మండపంలో స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు. సూర్యుడు ఎటున్నా ఆ సందులు కదలవు కాబట్టి నీడా కదలదు. చూడాలంటే గర్భగుడి ముందు గుంపుగా నిలబడకూడదు, వెలుతురుకు అడ్డమవుతుంది. నలుగురు నలుగురుగా పోవాలి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. ఫోన్ లైటు వేస్తే నీడ మాయమవుతుంది. సోమవారం కావడంతో అభిషేకాలకు వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పూజ అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చోవడం మర్యాద.

పచ్చల సోమేశ్వరాలయం ఊళ్ళోనే ఉంది, పక్కనే మ్యూజియం. గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కారు. పిల్లల్ని తీసుకెళితే ఒక్కో ఘట్టం గుర్తుపట్టమని పోటీ పెట్టొచ్చు, తెలుగు సారు అప్పుడు చేసింది అదే. ఈసారి కూడా చేశారు. కుర్చీ వేయించుకొని కూర్చొని, ఒక్కొక్కరినీ పంపి చూసొచ్చి చెప్పమన్నారు.

మధ్యాహ్నం సద్ది ఉదయసముద్రం కట్ట మీద విప్పాం. పులిహోర, జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, తపాలచెక్కలు (గిన్నెకు అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టెలు), పెరుగు. పులిహోర తెల్లారుజామున కలిపింది కాబట్టి మధ్యాహ్నానికి సరిగ్గా పులుపు పట్టింది. అన్నం పూర్తిగా చల్లారిన తర్వాతే పులుసు కలపాలి, వేడి మీద కలిపి మూత పెడితే చెమ్మ పట్టి సాయంత్రానికి పాడవుతుంది. తపాలచెక్కలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు. గిన్నె అంచు నుంచి ఊడివచ్చిన గట్టి ముక్క కోసం ఇప్పటికీ పోటీయే. ఈ చెరువు కందూరు చోడులు తవ్వించినదే అయినా ఇప్పుడు ఇందులో ఉన్నవి కృష్ణా నీళ్ళు. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అక్కంపల్లి మీదుగా ఇక్కడికి వస్తాయి. మరునాడు చూడబోయే నీళ్ళ దగ్గర ముందురోజే అన్నం తిన్నట్టయింది.

నల్లగొండ నుంచి సాగర్ అరవై కిలోమీటర్ల పైచిలుకు. హాలియా దారి. మధ్యలో బత్తాయి తోటలు. హాలియా దాటాక సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు కంటికి ఆనినంత దూరం ఉంటాయి. బస్సులో అంత్యాక్షరి కొంచెంసేపే. తర్వాత సాంఘికశాస్త్రం బిట్లు అడగడం మొదలైంది. ఎవరికి ఎన్ని గుర్తున్నాయో చూస్తే అందరికన్నా ఎక్కువ చెప్పింది పదో తరగతి తప్పి చదువు ఆపేసిన మనిషి. ఇప్పుడు ఆయనకు పన్నెండు ఎకరాల బత్తాయి తోట ఉంది.

సాయంత్రానికి సాగర్‌లోని హిల్ కాలనీ. గదులు ముగ్గురికి ఒకటి చొప్పున పదకొండు, ఒక్కోటి 1,800. ఇక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం అప్పట్లో లేదు. 274 ఎకరాల్లో కట్టి 2022 మేలో తెరిచారు. మూసే వేళకు వెళ్ళాం కాబట్టి మహాస్తూపం వరకే చూడగలిగాం. రాత్రి బొచ్చె ముక్కల వేపుడు, చేపల పులుసు. చేప కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడాలి, ఎర్రగా ఉంటేనే తీసుకోవాలి. కిలో లెక్కన మనమే కొనిచ్చి వండించుకుంటే ప్లేటు లెక్కకన్నా సగమే పడింది.

జనవరి 20, మంగళవారం: సాగర్, నాగార్జునకొండ, ఎత్తిపోతల

ఈ రోజు అసలు చిక్కు వచ్చింది. 1996లో ఇటు నల్లగొండ, అటు గుంటూరు, రెండూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. అద్దె బస్సు అవతలికి పోవాలంటే ఆ రాష్ట్రం తాత్కాలిక పర్మిట్, పన్ను కట్టి ఉండాలి. ఉందని బస్సు మాట్లాడినప్పుడు చెప్పారు, పొద్దున్నే అడిగితే లేదన్నారు. బస్సు మాట్లాడుకునేటప్పుడే పర్మిట్ కాగితం ఫోన్లో పంపించమని అడగాలి, నోటి మాట మీద ఆధారపడొద్దు.

దారి దొరికింది. మాచర్ల పోయే ఆర్టీసీ బస్సులు అవతలి గట్టున ఉన్న విజయపురి సౌత్ మీదుగానే పోతాయి. అందరూ బ్యాగులు గదుల్లో వదిలి వాటిలో ఎక్కారు. తెలంగాణ బస్సులో ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే ఇచ్చే జీరో టికెట్ సరిహద్దు దాకే. అక్కడి నుంచి టికెట్ తీసుకోవాలి. కండక్టర్ ఓపికగా చెప్పాడు. 1996లో ఇంట్లో పైసలు ఇవ్వక విహారయాత్రకు రాలేని అమ్మాయిలు బ్యాచ్‌లో నలుగురున్నారు. అందులో ముగ్గురు ఈసారి బస్సులో ముందు సీట్లలో కూర్చున్నారు.

డ్యామ్ మీదికి మామూలు జనాన్ని, బండ్లను పోనివ్వరు. దిగువ వంతెన మీద నుంచి చూడాలి. జనవరిలో గేట్లు మూసే ఉంటాయి, 26 గేట్లూ వరసగా కనిపిస్తాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ తేదీలు రెండూ అప్పుడు నోట్సులో రాసుకొచ్చి సారుకు చూపించాల్సినవే. నిండు మట్టం 590 అడుగులు. రాతి కట్టడం. సిమెంటు పూత కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళు. ఈ పనికి పాలమూరు, నల్లగొండ కూలీలు కుటుంబాలతో వచ్చారు. బ్యాచ్‌లో ఒకామె తాత ఇక్కడ రాళ్ళు మోశాడు. వంతెన మీద ఆమె వేలితో చూపిస్తూ, "గీ కట్ట మా తాతలు మోసిన రాయే" అని పిల్లలకు వీడియో కాల్ చేసి చూపించింది.

లాంచీ స్టేషన్ అని మ్యాపులో వెతికితే రెండు వస్తాయి. ఒకటి తెలంగాణ వైపు, ఇంకోటి విజయపురి సౌత్‌లో. నీళ్ళ మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండకు పోయే లాంచీ ఏ రోజు ఏ గట్టు నుంచి నడుస్తుందో ముందు రోజే అడగాలి. గాలి ఎక్కువున్నా, నీటి మట్టం బాగా పడిపోయినా ఆపేస్తారు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పోతే పడవ ప్రయాణం దండగ. పదకొండు కిలోమీటర్లు, గంట దగ్గర పడుతుంది. తిరుగు లాంచీ వేళ ముందే కనుక్కొని అందరికీ చెప్పాలి. ద్వీపం మీద తినడానికి దొరికేది తక్కువ, పండ్లు, బిస్కెట్లు, నీళ్ళు వెంట ఉండాలి.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ళ అడుగున ఉంది. ఆనకట్ట కడుతుంటే 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన వాటిని కొండ మీదికి, గట్టున ఉన్న అనుపు అనే చోటుకు మార్చారు. మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఉంది. దాని ముందు ఎక్కువసేపు ఆగండి. సున్నపురాతి శిల్పాలు చూసే ముందు ఇది చూస్తే ఏ శిల్పం ఏ చోట నుంచి వచ్చిందో అర్థమవుతుంది. సోషల్ సారు పాఠం చెప్పినప్పుడు బోర్డు మీద గీసిన పటం ఇదేనని గుర్తుపట్టినవాళ్ళు గట్టిగా అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. రోల్ నంబరు పదకొండు అయిన ఆమె, సోషల్ సారు పేరు మీద కొండ మీద ఒక వేప మొక్క నాటుదామంది, కానీ అది పురావస్తు శాఖ స్థలం, నాటనివ్వరు. ఆ మొక్క బడిలో నాటాలని నిర్ణయమైంది.

ఎత్తిపోతలకు మాచర్ల దారిలో దిగి ఆటోలు పట్టాలి. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. జనవరిలో ధార సన్నగానే ఉంది. చూడటానికి ఆగస్టు, సెప్టెంబర్ మేలు. కింద గుండంలో మొసళ్ళు ఉంటాయి, దిగనివ్వరు. అప్పుడు డ్రిల్ సారు పిల్లల్ని రెండేసి మందిని చేతులు పట్టించి నిలబెట్టి లెక్కపెట్టిన గట్టు అలాగే ఉంది. ఈసారి కూడా ఆయన విజిల్ తెచ్చుకున్నారు. విజిల్ వేసి, "జతలు పట్టుండ్రి" అంటే ఒక్కరు ఎదురు మాట్లాడకుండా నిలబడ్డారు. 31 మంది బేసి సంఖ్య కదా, మిగిలిన ఒక్కరి చేయి సారే పట్టుకున్నారు.

లెక్కలు

ఒక్క రోజుకు వచ్చిన పదిహేను మంది 1,500 చొప్పున, మిగతా 31 మంది 4,000 చొప్పున వేశారు. మొత్తం 1,46,500. సార్ల దగ్గర పైసా తీసుకోలేదు. టెంటు, కుర్చీలు, మైకు 9,500. బడి రోజు భోజనం 31,000. ఉత్తరీయాలు 8,100. ఫోటోలు, అట్టకు ఎక్కించడం 6,000. బస్సు 32,000. గదులు 19,800. తర్వాతి భోజనాలు, టిఫిన్లు 22,000. లాంచీ, ఆర్టీసీ, ఆటోలు, చాయలు 8,600. కలిపి 1,37,000. ఇవ్వలేని మిత్రులు ముగ్గురున్నారు, వాళ్ళ వాటా వేరేవాళ్ళు వేశారు. ఎవరు వేశారో, ఎవరి కోసం వేశారో ఖాతా చూసిన ఇద్దరికి తప్ప తెలియదు. ఏ బ్యాచ్ అయినా ఇలాగే చేయాలి. చందా పట్టీ గ్రూపులో పేర్లతో పెడితే ఇవ్వలేనివాళ్ళు రావడమే మానేస్తారు.

మిగిలింది 9,500. హెడ్మాస్టర్‌ను అడిగితే బడికి బెంచీలు ఉన్నాయని, పదో తరగతి పిల్లలకు గ్రాఫు పుస్తకాలు, జామెట్రీ బాక్సులు, పరీక్ష అట్టలు కావాలని చెప్పారు. ఫిబ్రవరి మొదటి వారంలో కొనిస్తున్నాం. వేప మొక్క మాత్రం వానలు పడ్డాక జూలైలో. ఎండాకాలం ముందు నాటితే నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, సెలవుల్లోనే ఎండిపోతుంది.